నికరం

మా బావకు క్వాలిస్ ఉంది. ఇప్పటికీ ఉంది. టొయోటావాళ్లు ఆ బండిని 2000లో మన దేశంలోకి దింపి, జనం ఇంకా ఎగబడి కొంటూ ఉండగానే 2005లో ఆపేసి ఇన్నోవాను తెచ్చారు. మారినవాళ్లు మారారు. మారనివాళ్లలో మా బావ ఒకడు. ఆయనది 2003 మోడల్. 2446 సీసీ డీజిల్ ఇంజన్, 75 గుర్రాల బలం. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. ఒక పంపు, నాలుగు పైపులు, నాలుగు నాజిళ్లు, అంతే దాని సంసారం. డీజిల్ పోస్తే పోతుంది. పోసింది డీజిలే అయితే.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. బావది పీలేరు, వ్యాపారం మదనపల్లె టమోటా మార్కెట్లో. రైతు తెల్లారకముందే క్రేట్లు దింపుతాడు, వేలం పాట అవుతుంది, పైరాష్ట్రాల వ్యాపారి కొంటాడు, మధ్యలో మా బావ ఉంటాడు. పాట అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. సరుకు ఇంత, ధర ఇంత, కమీషను, హమాలీ కూలి, రవాణా పోను నికరం ఇంత. రైతు పైనున్న అంకెలేవీ చూడడు. కళ్లు తిన్నగా అడుక్కు, నికరం దగ్గరికి పోతాయి. నేను మండీలో కూర్చున్నప్పుడల్లా చూసేది ఆ కళ్లనే. ధర పలికిన రోజూ అంతే, గిట్టక రోడ్డు పక్కన పారబోసే రోజూ అంతే. బావ కమీషను మాత్రం ధర పెరిగిందనీ తగ్గిందనీ మారదు. నూటికి పది.

అట్లాగని బావ చెడ్డవాడని చెప్పను. రోజూ బోణీ పాట మీద వచ్చే కమీషన్లోంచి కొంత తీసి పసుపుగుడ్డలో వేస్తాడు. అది కొండమీది స్వామి వాటా. ఏడాదంతా కూడిన ముడుపును పెరటాసి నెలలో, వీలైతే శనివారం నాడే, కొండకు మోసుకుపోయి హుండీలో వేసి వస్తాడు. ఇంట్లో ఎంత ఇరకాటమొచ్చినా ఆ గుడ్డ ముడి విప్పలేదు. జేబులో ఎర్ర అట్ట డైరీ ఒకటి ఉంటుంది. రైతులకు ఎట్లా పేజీలున్నాయో, స్వామికీ అందులో ఒక పేజీ ఉంటుంది. జమ, ఖర్చు, నిలవ.

డీజిల్ దగ్గరికొస్తే మటుకు ఈ భక్తి పనిచేయదు. మార్కెట్టుకొచ్చే లారీల దగ్గర కొందరు క్లీనర్లు క్యాన్లలో డీజిల్ అమ్ముతారు. బంకు ధర మీద బాగా తక్కువ. అది ఏ ట్యాంకులోంచి వచ్చిందో, అందులో వాననీళ్లు ఎన్నో, తుప్పు ఎంతో అడిగేవాడు ఉండడు, చెప్పేవాడు అంతకన్నా ఉండడు. బావ ఏళ్ల తరబడి క్వాలిస్‌కు అదే పోశాడు.

ఎంత మొండి ఇంజనైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? మొదట పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లపొగ వచ్చేది. తర్వాత స్లోలో వణుకు మొదలైంది. గేరు రాడ్డు దానంతటది ఊగేది. ఆ పైన మిస్ కొట్టడం, ఎత్తు వచ్చిందంటే నల్లపొగ, మూడో గేరులో లాగాల్సిన చోట రెండోదికి దిగడం. పీలేరులో ఒకాయన డీజిల్ ఫిల్టర్ మార్చాడు. ఇంకొకాయన ట్యాంకు దించి కడిగాడు. ఎవరో సలహా ఇస్తే ఇంజెక్టర్లు శుభ్రం చేసే మందు ఒక సీసా తెచ్చి ట్యాంకులో పోశాడు బావ. ఆ సీసా మందులు ఒట్టి మోసమని కొట్టిపారేయను. పలచగా మసి పట్టే దశలో పోస్తే పనికొస్తాయి. మసి గట్టిపడి, లోపలి సూది అరిగి, స్ప్రింగు మెత్తబడ్డాక ఏ సీసా ఏం చేస్తుంది? ఆఖరికి ఒక మెకానిక్కు "పంపు దించాల, పాతికవేలు పెట్టుకోండి" అన్నాడు. పాతికవేలు అన్న మాట చెవిన పడ్డాక బావ కొన్నాళ్లు బండిని షెడ్డులోంచే తియ్యలేదు.

అయినా పెరటాసి ఆగదు కదా. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే బుక్ చేసి పెట్టుకున్నారు. రెండేళ్ల కిందటి మాట. బావ, అక్క, మేనకోడలు, నేను. నేను ఉండేది తిరుపతిలోనే అయినా ఏదో పని మీద పీలేరు పోయి, వాళ్ల బండిలోనే తిరుగుముఖం పట్టాను. దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు క్వాలిస్ అసలు రంగు బయటపడింది. వెనక వచ్చిన పల్లెవెలుగు బస్సు హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది. బస్సు కిటికీలోంచి ఒక ముసలామె మా నల్లపొగకు కొంగు అడ్డం పెట్టుకుని, మా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"మామా, దిగి నడుద్దామా?" అంది మేనకోడలు.

"గమ్మునుండు. స్వామి లాక్కుంటాడు," అన్నాడు బావ.

స్వామి రంగంపేట దాకా లాక్కున్నాడు, అక్కణ్ణించి చచ్చీ చెడీ ఊళ్లోకి వచ్చిపడ్డాం. అలిపిరి దాటాక పైకి 18 కిలోమీటర్ల ఎక్కుడు. కొండకు 28 నిమిషాల కన్నా ముందు చేరకూడదనీ, దిగేటప్పుడు 40 నిమిషాల కన్నా ముందు దిగకూడదనీ ఘాట్ రోడ్డు నిబంధన. ముందే వచ్చారంటే అతివేగంగా తోలినట్టు లెక్క. ఆ పూట మా బండి వాలకానికి అతివేగం నేరం మోపగలిగేవాడు పుట్టలేదు.

"బావా, నాకు తెలిసిన నాజిల్ మేస్త్రి ఉండాడు. దర్శనం టైముకు ఇంకా పొద్దుంది. చూపించేసి పోదాం," అన్నాను.

"పంపు అంటాడేమో?"

"ఈయన ఉన్నదే చెప్తాడు."

రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో బాషా షెడ్డు. 'డీజిల్ పంపు, నాజిల్ వర్క్స్' అన్న బోర్డులో సగం రంగు రాలిపోయింది. లోపల జింకు రేకు పరిచిన బల్ల, దాని మీద చేత్తో నొక్కే మైకో టెస్టింగ్ మిషన్, దాని నెత్తిన గుండ్రటి మీటరు. 1951లో మొదలైన ఆ బెంగళూరు కంపెనీకి 2008లో బాష్ అని పేరు మారింది గానీ, డీజిల్ పని చేసేవాళ్ల నోట్లో అది ఈ నాటికీ మైకోనే. బాషా అందరికీ చెప్పే జోకు ఒకటుంది: "చివరికి కంపెనీకి నా పేరే పెట్టినారు సార్. దీర్ఘం మర్చిపోయినారు."

గోడ మీద మక్కా పటం, దాని పక్కనే దేవస్థానం క్యాలెండరు. బావ చూపు దాని మీద పడింది.

"ఏమప్పా, నువ్వూ మొక్కుతావా స్వామికి?"

"మాది కడప సామీ. మా ఊళ్లో ఆయన అల్లుడు," అన్నాడు బాషా, బానెట్ ఎత్తుతూ.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి మా ఆడపడుచే అన్న వరసలో, ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు వస్తాయి. అల్లుడింటికి వచ్చినట్టే వస్తారు, దర్శనం చేసుకుంటారు, పోతారు. బాషా వాళ్లమ్మ చంక దిగని వయసు నుంచీ పోయినవాడు. ఇక వాళ్ల నాయన తిరుపతి చేరింది ఘాట్ బస్సుల కోసం. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా కొండకు కాలినడకో డోలీయో తప్ప దారి లేదు. రోడ్డు వచ్చింది, బస్సులు వచ్చాయి, 1974లో రెండో రోడ్డు వచ్చింది, బస్సులు ఇంకా పెరిగాయి. ఎత్తు ఎక్కీ ఎక్కీ మసి పట్టిన వాటి నాజిళ్లు బాషా వాళ్ల నాయనకు రెండుపూటలా అన్నం పెట్టాయి. 2022 నుంచి కొండకు కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. "వాటికి నాజిళ్లు లేవు సార్, పొగ లేదు, సౌండు లేదు. నాకు పనీ లేదు. మంచిదే, కొండకు గాలి బాగుంటాది," అని ఓసారి అన్నాడు నాతో. ఆ మాట అనడంలో ఏడుపు గానీ ఎత్తిపొడుపు గానీ లేదు.

బండి స్లోలో పెట్టించాడు. చెవి వాల్చి కాసేపు విన్నాడు. 17 నెంబరు స్పానర్ తీసుకుని, పాతబనియను గుడ్డ చుట్టి, మొదటి నాజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేశాడు. నట్టు కింద డీజిల్ బుసబుసమంది. ఇంజన్ గొంతు మారింది, వణుకు పెరిగింది. బిగించాడు. రెండోది వదులు చేశాడు. ఇంజన్ కొంచెమే మారింది. మూడోది వదులు చేశాడు. ఏమీ కాలేదు. ఇంజన్‌కు తెలియనే లేదు.

"విన్నారా సామీ? పని చేసేవాడు సెలవు పెడితే ఇంట్లో తెలస్తాది. వీడు ఎప్పుడో మానేసినాడు. అందుకే లేకపోయినా తెలీలేదు. మూడు పూర్తిగా పోయింది, రెండు సగం పోయింది."

మేనకోడలు దగ్గరికొచ్చి వేలు పెట్టబోతే గట్టిగా అరిచాడు. వదులైన చోట చిమ్మే డీజిల్‌తో పెద్ద ప్రమాదం లేకపోవచ్చు, నాజిల్ మూతి నుంచి వచ్చేది మాత్రం చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయం కూడా కనపడదు, లోపల కండ కుళ్లుతుంది. ఈ పనిలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారట.

నాలుగు ఇంజెక్టర్లూ ఊడదీశాడు. మిషన్‌కు మొదటిదాన్ని తగిలించి పిడి నొక్కాడు. మీటరు ముల్లు పైకి పోయింది, నూరు బార్లు దాటింది, ఒక్కసారి కిర్రుమని నాజిల్ నోరు తెరిచింది. మూతి దగ్గర సాంబ్రాణి పొగలాగా సన్నటి డీజిల్ తుంపర విచ్చుకుని మాయమైంది. మూతి పొడిగా ఉంది. "ఇదీ నాజిలంటే," అన్నాడు. మూడోది తగిలించాడు. ముల్లు సగం దాకా పోయి అక్కడే జారిపోయింది. కిర్రుమనలేదు. ధారగా కారింది. నొక్కడం ఆపినా మూతికి బొట్టు వేలాడుతూనే ఉంది.

పెట్రోలు ఇంజన్‌కు నిప్పు పెట్టే ప్లగ్గు ఉంటుంది. డీజిల్‌కు అది లేదు. గాలిని అణిచి అణిచి కాగేలా చేసి, ఆ వేడిలోకి డీజిల్‌ను చిమ్మితే దానంతటదే మండాలి. తుంపరగా వస్తే మండుతుంది. ధారగా వస్తే పైపైన మండి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఆ పచ్చిదే పొగ, ఆ పచ్చిదే వణుకు, ఆ పచ్చిదే సిలిండరు గోడ మీది ఆయిల్‌ను కడిగేసి ఇంజన్‌ను అరగదీసేది. ఈ మాత్రం దానికి పంపు దించమన్నవాణ్ణి ఏమనాలో నాకు తోచలేదు.

బాషా మూడో ఇంజెక్టర్‌ను వైసులో బిగించి విప్పాడు. స్ప్రింగు, దాని నెత్తిన పలచటి బిళ్ల, కింద పిన్ను, అడుగున నాజిల్. ఆ బిళ్ల మందం మార్చే నాజిల్ ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో పెడతారు. నాజిల్‌లోంచి సూదిని లాగి, మంచిదానినీ చెడ్డదానినీ పక్కపక్కన ఏటవాలుగా పట్టుకున్నాడు. రెండు సూదులనూ మూడోవంతు బయటికి లాగి వదిలాడు. మొదటిది తన బరువుకు తానే మెల్లగా లోపలికి జారింది. రెండోది ఎక్కడున్నది అక్కడే నిలబడింది. సూదికీ దాని గూటికీ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అందులోకి తుప్పు చేరింది. సూది నడుముకు గోధుమరంగు వలయం కట్టింది.

"నీళ్లు తాగింది సామీ. ఏ బంకులో కొట్టిస్తారు?"

బావ క్యాలెండరు వైపు చూశాడు.

"మా ఊళ్లోనే," అన్నాడు.

రెండు నాజిళ్లు కొత్తవి వెయ్యాలి, మిగతా రెండూ కడిగి ఒత్తిడి సరిచెయ్యాలి, వాచర్లన్నీ మార్చాలి, ఫిల్టర్ మార్చాలి, ట్యాంకు అడుగు నీళ్లు వంచాలి. మొత్తం ఆరువేలు అన్నాడు బాషా. పాతికవేల నుంచి ఆరువేలకు దిగినందుకు ఇంకొకడైతే బాషా చేతులు పట్టుకునేవాడు. బావ ముప్పయ్యేళ్లుగా వేలం పాటలో నిలబడ్డ మనిషి.

"నాలుగు."

"సామీ, సామాన్లకే అంత అయితాది."

"వాచర్లు పాతవే వెయ్యి. రాగివే కదా, ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడతాయి. నాకు తెలీదా?"

బాషా ఒప్పుకున్నాడు, రాగి వాచర్లయితే అట్లా వాడొచ్చని. కానీ నాజిల్ మూతి కింద ఉండే వాచరు వంకీలు తిరిగిన పలచటి రేకు. ఒకసారి బిగిస్తే ఆ వంకీలు నలిగి చదునవుతాయి. నలిగినదాన్నే మళ్లీ వేస్తే పక్కనుంచి మంట తన్నుకొచ్చి కొత్త నాజిల్‌ను కాల్చేస్తుంది. వాడిన వాచరునూ కొత్త వాచరునూ బావ అరచేతిలో పెట్టి, బొటనవేలితో తడిమి చూడమన్నాడు. బావ తడిమాడు. తేడా తెలిసింది. తెలిసినా బేరం ఆపలేదు. ఆరు, నాలుగు, ఐదున్నర, నాలుగున్నర... ఐదు దగ్గర పాట కొట్టేశారు.

పని అయ్యేసరికి భోజనం వేళ దాటింది. ఆ రెండు గంటలూ బాషా తల ఎత్తలేదు. ఇంజెక్టర్లు దిగే గుంతల్లోని మసిని చిన్న బ్రష్షుతో తోడాడు, రేకు ముక్క లోపల పడకుండా గ్రీజు రాసిన పుల్లతో పాత వాచర్లు పైకి తీశాడు. అన్నీ బిగించి, నట్లు కొంచెం వదులుగా ఉంచి, సెల్ఫ్ కొట్టమన్నాడు. పైపుల్లోని గాలి బుడగలుగా పోయి డీజిల్ కనపడగానే ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చాడు. ఇంజన్ అందుకుంది. గేరు రాడ్డు కదల్లేదు. బండి స్టార్ట్‌లో ఉందా అని అక్క అడిగింది.

బావ మొహం వెలిగిపోయింది. జేబులోంచి రెండున్నర వేలు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు.

"మిగతా సగం దిగేటప్పుడు ఇస్తా. కొండ ఎట్ల ఎక్కుతాదో చూడాల కదా."

అది నాకు నచ్చలేదు. నోరు తెరిచేలోపే బాషా అన్నాడు: "ఆయన దగ్గరికి పోతాండారు. నమ్మకపోతే ఎట్ల? పోయి రాండి."

ఎక్కడం గురించి చెప్పడానికేమీ లేదు. ఏమీ లేకపోవడమే పని బాగా జరిగిందనడానికి గుర్తు. మలుపుల్లో రెండో గేరు, బయట మూడోది, అద్దంలో వెనక రోడ్డు శుభ్రంగా కనపడుతోంది. టోల్‌గేటు దగ్గరపడుతుంటే మేనకోడలు సెల్‌ఫోన్ చూసి, ఇంకా 28 కాలేదు, కొంచెం నిదానించమంది. బావ పక్కకు తీసి బండి ఆపాడు. ఆపి స్టీరింగు మీద చెయ్యి వేసి, "చూసినావా, స్వామి దయ," అన్నాడు నాతో.

"బాషా పనితనం కూడా బావా."

"ఆ బాషాను చూపించిందెవరు?"

"నేను."

"నీకు బుద్ధి పుట్టించిందెవరు?"

క్యూలో నిలబడ్డ ఆ రెండు మూడు గంటలూ బావ ఈ విషయమే పదునుపెట్టుకున్నాడు. బండి స్వామిదే, బండి బాగుపడింది స్వామి కోసమే, బాగుచేసిన చెయ్యి కూడా స్వామిదే. వింటున్నప్పుడు నాకది ఒట్టి భక్తిలాగే తోచింది. దర్శనం క్షణంలో అయిపోయింది, ఎప్పటిలాగే. హుండీ దగ్గర బావ ఏడాది ముడుపు వేసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత పైజేబులోంచి ఇంకొకటి, చిన్నది, రుమాలు ముక్కలో కట్టింది తీసి వేశాడు. ఎవరిదని అడుగుదామనుకుంటే వెనకనుంచి జనం నెట్టేశారు. లడ్డూలు తీసుకున్నాక ఒక చెట్టుకింద కూర్చుని, ఎర్ర అట్ట డైరీ తెరిచి చాలాసేపు రాసుకున్నాడు.

దిగేటప్పుడు పాత ఘాట్ రోడ్డు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చోబెట్టే మలుపులు. 40 నిమిషాలకు మించే పట్టింది. తిరుపతిలో అడుగుపెట్టగానే నేను గుర్తుచేయకముందే బావ బండిని బాషా షెడ్డు సందులోకి తిప్పాడు. మనసులో బావకు క్షమాపణ చెప్పుకున్నాను.

బాషా షట్టరు దించబోతూ ఆగాడు. బావ లడ్డూ ఇచ్చాడు. బాషా చేతులు తుడుచుకుని అందుకుని, కళ్లకద్దుకుని బల్ల మీద పెట్టాడు.

"ఎట్ల ఎక్కింది సామీ?"

"ఏనుగెక్కినట్టు పోయినాను. నీ చెయ్యి చెయ్యి కాదు బాషా. అందుకే నీకొక మంచి పని చేసొచ్చినా."

"ఏంది సామీ?"

"నీకు ఇవ్వాల్సిన రెండున్నర వేలు ఉండాది కదా. అది నీ పేరున స్వామి హుండీలో వేసేసినా. పుణ్యమంతా నీకే. నాకు ఒక్క పైసా పుణ్యం వద్దు."

అక్క తల దించుకుంది. నేను జేబులో చెయ్యి పెట్టాను. బాషా అది చూసి, వద్దన్నట్టు అరచెయ్యి ఊపాడు.

"గోత్రం లేనోడి పేరున వేస్తే చేరతాదా సామీ?"

"హుండీకి గోత్రమెందుకప్పా? నువ్వే చెప్తివి కదా, ఆయన మీ అల్లుడని."

"అల్లుడే. ఉగాదికి మాయమ్మ ఉత్తచేతులతో పోనిచ్చేది కాదు." బాషా కాసేపు ఆగాడు. "కానీ సామీ, అల్లుడికి పెట్టేది కట్నం. నేనడిగింది కూలి."

"ఆయన్నే అడుగు. వడ్డీకాసులవాడు. నేనిస్తే రెండున్నర వేలే, ఆయనిస్తే వడ్డీతో ఇస్తాడు. నీకే లాభం," అన్నాడు బావ. ఎగతాళికి అనలేదు. కిలోకు పావలా ఎక్కువ ఇప్పించినప్పుడు రైతుతో మాట్లాడే గొంతు అది.

బాషా వాదించలేదు. షట్టరు కొక్కెం పక్కన పెట్టి అన్నాడు: "సరే సామీ. ఒక్కటి చెయ్యండి. హుండీవాళ్లు రసీదు ఇయ్యరు. ఇంటికి పోతే మా ఆవిడ డబ్బులేవంటాది, నా మాట నమ్మదు. మీరు డైరీ రాస్తారు కదా. దాంట్లో నా పేరున రాసింది చించి ఇయ్యండి."

బావ ఛాతీ ఒక అంగుళం పొంగింది. లెక్క అడిగితే ఆయనకు గౌరవం చేసినట్టే. డైరీ తీసి, స్కేలు పెట్టినట్టు నీటుగా పేజీ చించి ఇచ్చాడు. బాషా కళ్లద్దాలు అప్పటికే సంచిలో పెట్టేసినట్టున్నాడు. కాగితాన్ని నా చేతికిచ్చాడు.

"మీరు చదవండి సార్."

లైటు కిందికి జరిగి చదివాను.

"శ్రీ వేంకటేశాయ నమః. బాషా, తిరుపతి. జమ, 2,500. కమీషను నూటికి పది చొప్పున, 250. కొండమీదికి రవాణా, 150. నికరం హుండీకి, 2,100."

బాషా బావ వైపు తిరిగాడు.

"రవాణా ఏ బండిలో సామీ?"